చిన్నపిల్లలకి పెట్టుడు కన్ను: రెడీమేడ్‌దా, కస్టమ్‌దా, ముందసలు ఏం చూసుకోవాలి

మావాడికి పద్నాలుగో నెలలో ఎడమ కన్ను తీసేశారు. ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో ఆ కన్ను పిల్లికన్నులా తెల్లగా మెరుస్తుంటే ఫోటో సరిగ్గా రాలేదులే అనుకుంటూ రెండు నెలలు పోగొట్టుకున్నాం, తర్వాత తెలిసింది అది రెటినోబ్లాస్టోమా అని, చిన్నపిల్లల కంట్లో వచ్చే కేన్సర్ అని. ఇప్పుడు వాడికి ఏడేళ్ళు, నాలుగో కన్ను పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ నాలుగిట్లో ఒకటి రెడీమేడ్, ఒకటి సగం రెడీమేడ్, రెండు కస్టమ్, అంటే వాడి కొలతకే చేయించినవి. అందుకే చుట్టాల్లోనో ఆఫీసులోనో ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే నా నంబర్ పట్టుకుని ఫోన్ చేస్తుంటారు, అందరూ ముందు అడిగేది ఒకటే, "అక్కా, ఏదైతే బాగా కనపడుద్ది?"

నేనూ మొదట్లో అదే అడిగాను లెండి. కానీ ఐదేళ్ళలోపు పిల్లలకి అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఏది పెడితే కంటి గుంట పెరుగుతుంది, దాన్ని పెంచుకుంటూ మార్చుకుంటూ పోవడానికి మనం ఎన్నిసార్లు వెళ్ళగలం.

ఎందుకంటే పుట్టినప్పుడు కనుగుడ్డు దాదాపు 17 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దయ్యేసరికి 24 దాకా వస్తుంది, అందులో ఎక్కువ పెరుగుదల మొదటి రెండు మూడేళ్ళలోనే అయిపోతుంది. గుడ్డు పెరుగుతుంటే చుట్టూ ఉన్న ఎముక, రెప్పలు దానికి చోటిస్తూ పెరుగుతాయి. లోపల ఏమీ లేకపోతే ఆ పక్క ఎముక వెనకబడిపోతుంది, రెప్పలు పొట్టిగా ఉండిపోతాయి, పిల్లోడు పెద్దయ్యేసరికి మొహం ఒక పక్క చిన్నదిగా కనపడుతుంది. అప్పుడెంత ఖరీదైన కన్ను చేయించినా పెట్టడానికి చోటే ఉండదు. పెద్దవాళ్ళకి కన్ను పోతే ఆరు నెలలు ఆలస్యంగా పెట్టించుకున్నా ఎముకకి నష్టం లేదు. నెలల పిల్లలకి ఆ ఆరు నెలలు చాలా ఎక్కువ.

మీ పిల్లది ఏ కేసు?

ఇది తేలకుండా ధరలు కనుక్కోవడం దండగ. మా డాక్టర్ గారి గది ముందు బెంచీ మీద కూర్చున్న ముగ్గురు తల్లులం ముగ్గురం మూడు రకాలు. మావాడికి గడ్డ వల్ల కన్ను మొత్తం తీసేశారు, కానీ అప్పటిదాకా ఆ కన్ను మామూలుగానే పెరిగింది కాబట్టి గుంట సైజు బానే ఉంది. భీమవరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ పాపకి పుట్టుకతోనే ఒక పక్క గుడ్డు లేదు, అంటే లోపలెక్కడో శనగ గింజంత ఉందంట, రెప్పలు తెరిస్తే గులాబీ రంగు పొర తప్ప ఏం కనపడదు. మూడో ఆవిడ బాబుకి విల్లుబాణాలు ఆడుతుంటే పుల్ల గుచ్చుకుంది, కన్ను తీయలేదు కానీ చూపు పోయి గుడ్డు ముడుచుకుపోయి తెల్లబడింది.

ముగ్గురికీ కావాల్సింది పెట్టుడు కన్నే, కానీ ముగ్గురి దారీ వేరు. అందరికంటే తొందర పుట్టుకతో లేని పాపకి. వాళ్ళకి మొదటి కొన్ని వారాల్లోనే పని మొదలుపెట్టాలి, "కాస్త పెద్దదవ్వనివ్వండి" అని ఎవరన్నా అంటే ఆ మాట పట్టుకుని కూర్చోవద్దు, ఇంకో చోట చూపించండి. ఆ భీమవరం పాపని ఎనిమిదో నెలలో తీసుకొచ్చారు, ఊళ్ళో ఎవరో అలా చెప్పబట్టే.

ఆపరేషన్‌కి ముందే అడగాల్సినది: లోపల ఏం పెడతారు

చాలామందికి తెలీని సంగతి, పెట్టుడు కన్ను అంటే గోలీలాగా గుండ్రంగా ఉండదు. పైన మనకి కనపడేది గిన్నెలాగా వంపు తిరిగిన పలకే, దొన్నె ముక్కలాగా. గుండ్రంగా ఉండేది వేరే, దాన్ని ఇంప్లాంట్ అంటారు, కన్ను తీసినప్పుడే లోపల పెట్టి, కంటి కండరాల్ని దానికి కలిపి, పైన పొర కుట్టేస్తారు. ఇంక అది బయటికి కనపడదు. కన్ను ఎంత కదలాలి, గుంట ఎంత నిండాలి అనేది సగం పైగా ఇక్కడే తేలిపోతుంది, అయినా మనం దీని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం పెట్టేసి వస్తాం. నేనూ పెట్టేసి వచ్చాను.

రకాలు మూడు అనుకోండి. ఒకటి నున్నటి బంతి, అక్రిలిక్‌దో సిలికాన్‌దో. చవక, ఇన్నేళ్ళుగా వాడుతున్నదే. రెండోది సన్న రంధ్రాలున్న బంతి, పోరస్ పాలిథిలిన్ లేదా పగడం నుంచి మొదలైన హైడ్రాక్సీఅపటైట్, ఆ రంధ్రాల్లోకి మన రక్తనాళాలు, కండ పెరిగి పట్టుకుంటాయి కాబట్టి పక్కకి జరగడం తక్కువ, ఖరీదు ఎక్కువ. మూడోది బంతి కాదు, పిల్లల పిరుదు దగ్గర నుంచి తీసిన చర్మం కింది కొవ్వు ముక్క, డెర్మిస్ ఫ్యాట్ గ్రాఫ్ట్ అంటారు. పెద్దవాళ్ళకి ఇది పెడితే కొంత కరిగిపోతుంది, చిన్నపిల్లల్లో అయితే వాళ్ళతో పాటే పెరుగుతుంది, గుంటని కూడా పెంచుతుంది. వినడానికి అన్నిటికన్నా మంచిదిలా ఉంటుంది కానీ ఇంకోచోట కూడా కోత పడుతుంది, ఒక్కోసారి అవసరానికి మించి పెరిగితే మళ్ళీ తగ్గించాల్సి వస్తుంది.

ఏది మంచిదని నన్నడిగితే, నున్నటి బంతికీ రంధ్రాల బంతికీ మధ్య డబ్బులు పెట్టి తేడా కొనుక్కోవాల్సినంత లేదు అనిపించింది నాకు, సర్జన్ చెయ్యి దేనికి అలవాటైతే అదే. ఒకప్పుడు ఇంప్లాంట్‌కి మేకు లాంటిది దింపి పై కన్నుని దానికి తగిలించేవాళ్ళు, ఇంకా బాగా కదులుతుందని, పిల్లల విషయంలో ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. అడగాల్సింది సైజు. చాలా చిన్న బంతి పెట్టి వదిలేస్తే పైపలక లావుగా చేయాల్సి వస్తుంది, ఆ బరువుకి కింది రెప్ప జారుతుంది.

మధ్యలో ఆరు వారాలు

ఆపరేషన్ అయ్యాక వెంటనే కన్ను పెట్టరు. వాపు తగ్గేదాకా, ఆరు నుంచి ఎనిమిది వారాలు, కన్ఫార్మర్ అని పారదర్శకంగా ఉండే చిన్న ప్లాస్టిక్ పలక పెడతారు, రెప్పల లోపలి సందులు మూసుకుపోకుండా. మావాడిది మూడోవారంలో ఊడి పడింది, మా అత్తయ్య ఊడుస్తుంటే చీపురికి తగిలింది, కాంటాక్ట్ లెన్సేమో అనుకుని ఆవిడ కిటికీలో పెట్టింది. ఊడితే భయపడొద్దు కానీ రోజులు గడపనివ్వద్దు, కడిగి మళ్ళీ పెట్టించేయాలి. ఈ టైమ్‌లో వచ్చే, తీసిన కంటి బయాప్సీ రిపోర్టు మాత్రం కన్ను కంటే ముఖ్యం, కీమో అవసరమా కాదా అనేది అందులో తేలుతుంది. కీమో నడుస్తుంటే కన్ను అచ్చు ఎప్పుడు తీయించాలో ఆ డాక్టర్‌నే అడగండి. తోబుట్టువులుంటే వాళ్ళ కళ్ళు కూడా చూపించేయండి, ఈ జబ్బు కొందరిలో జన్యువుల ద్వారా వస్తుంది.

రెడీమేడ్ కన్ను

దీన్ని స్టాక్ ఐ అంటారు. డబ్బాలో వరుసగా పేర్చి ఉంటాయి, ఎడమవి కుడివి వేరుగా, చిన్న పెద్ద సైజుల్లో. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది తీసి పెట్టి చూస్తారు. అరగంట పని. వందల్లో కూడా దొరుకుతాయి.

మా మొదటిది ఇదే. మా ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపాయన "హైదరాబాద్ ఎందుకమ్మా, నా దగ్గరే ఉన్నాయి" అంటే పెట్టించేశాం. మొదటి రోజు చూసి నేను ఏడ్చాను సంతోషంతో. నాలుగో రోజు నుంచి పసుపచ్చ పుసి, పొద్దున్నే రెప్పలు అంటుకుపోయేవి, పాపం వాడు మాటలు రాని పసోడు చెవి పట్టుకుని గీరుకునేవాడు, మేం చెవి నొప్పనుకున్నాం. సంగతేంటంటే ఆ పలక వెనక వంపు వేరు, వాడి గుంట వంపు వేరు, మధ్యలో ఖాళీలో నీళ్ళు, జిగురు నిలవుండిపోతున్నాయి, ఇంకోపక్క ఒకేచోట ఒత్తుకుని పుండు పడింది. పైగా పెద్దాయన కన్నులా ఉందని మా ఆయన మొదట్నుంచీ అంటూనే ఉన్నారు, అది తర్వాత అర్థమైంది, పసిపిల్లల తెల్లగుడ్డు కొంచెం నీలం చాయలో ఉంటుంది, ఆ డబ్బాలో కళ్ళకి తెల్లగుడ్డు పెద్దవాళ్ళలాగా పసుపు చాయ.

అట్లా అని రెడీమేడ్ ఎందుకూ పనికిరాదు అనను. కస్టమ్ చేయించడానికి రెండు మూడు నెలలు పట్టేట్టుంటే ఖాళీగా ఉంచేకన్నా ఇది నయం, చూసి సరిపోయేదే పెట్టేవాళ్ళ దగ్గర పెట్టించుకుంటే. రెండోది, ఊడదీసి పారేసే వయసు పిల్లలకి పోయినా గుండె ఆగిపోని కన్ను ఇదొక్కటే.

సగం రెడీమేడ్

దీని గురించి ఎవరూ చెప్పరు, అడిగితే చేస్తారు. రెడీమేడ్ కన్నునే తీసుకుని, పిల్లాడి గుంట అచ్చు తీసి, ఆ అచ్చుకి తగ్గట్టు వెనక వైపు అక్రిలిక్ కలిపి, అంచులు అరగదీసి పాలిష్ చేసి ఇస్తారు. ముందు వైపు రంగు డబ్బాలో ఉన్నదే, వెనక వైపు మాత్రం మనది. మావాడి రెండో కన్ను ఇదే, రెండేళ్ళ వయసులో. పుసి పూర్తిగా ఆగిపోయింది. రంగు కొంచెం తేడాగా ఉండేది, కానీ రెండేళ్ళ పిల్లాడి రంగు తేడా ఎవరు చూస్తారండీ, వాడు ఒక్కచోట నిలబడితే కదా. ఏడాదిలో ఎలాగూ సైజు చాలదు. నన్నడిగితే మూడేళ్ళలోపు, డబ్బు కష్టంగా ఉన్నవాళ్ళకి ఇదే సరైనది.

కస్టమ్ కన్ను, అది చేసే తీరు

కన్నులు తయారు చేసేవాళ్ళని ఆక్యులరిస్ట్ అంటారు, డాక్టర్ కాదు, చెయ్యి తిరిగిన పనివాడు అనుకోండి, సగం దంతాల టెక్నీషియన్ సగం బొమ్మలేసేవాడు. మూడున్నరేళ్ళప్పుడు చేయించినప్పుడు నేను పక్కనే కూర్చుని మొత్తం చూశాను.

మత్తు చుక్కలు వేశారు. వాణ్ణి దుప్పట్లో పూతరేకులా చుట్టి మా ఆయన ఒళ్ళో పట్టుకున్నారు. పళ్ళ డాక్టర్లు వాడే గులాబీ రంగు పొడి, ఆల్జినేట్, నీళ్ళతో కలిపి సిరంజిలో పోసి, కాడ ఉన్న చిన్న గిన్నె లాంటి దాన్ని రెప్పల కింద పెట్టి దాంట్లోంచి లోపలికి వదిలారు. నిమిషం రెండు నిమిషాల్లో గట్టిపడి రబ్బరు ముక్కలా ఊడొచ్చింది. వాడు ఏడ్చింది పట్టుకున్నందుకే, నొప్పికి కాదు. ఆ అచ్చు నుంచి మైనంతో ఒకటి చేసి, పెట్టి చూసి, రెప్ప ఎత్తు రెండోదానికి సమానంగా వచ్చేదాకా కొంచెం గీకడం, కొంచెం కలపడం, ఇలా ఏడెనిమిది సార్లు. నల్లగుడ్డు ఎక్కడ రావాలో గుర్తు పెట్టడానికి వాడికి ఎదురుగా ఫోన్‌లో బొమ్మలు పెట్టి నేరుగా చూసేలా చేశారు. తర్వాత దాన్ని అక్రిలిక్‌లోకి మార్చడం, వేడినీళ్ళలో గట్టిపరచడం.

రంగులప్పుడు మాత్రం నేను కన్నార్పలేదు. మనం నల్లగుడ్డు అంటాం కానీ అది నలుపు కాదు, ముదురు గోధుమ, దాని అంచున ఇంకా ముదురు గీత, మధ్యలో తేనె రంగు చారలు. ఆయన మావాడి కుడి కన్ను చూసుకుంటూ సన్న కుంచెతో ఒక్కో చార వేశాడు. తెల్లగుడ్డు మీద రక్తనాళాలకి ఎర్ర పట్టుదారం పోగుల్ని విడదీసి అతికించాడు, నిజంగా దారమే, మన చీరంచు దారం లాంటిది. పైన పారదర్శకమైన పొర వేసి, అద్దంలా మెరిసేదాకా పాలిష్. మొత్తం రెండు రోజులు పట్టింది, మధ్యలో రాత్రి ఉండాల్సొచ్చింది.

ఒక్కటి ముందే తెలుసుకోండి, మధ్యలో నల్లచుక్క పెద్దది చిన్నది అవదు. వెలుతురులో అసలు కన్నుది చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది, పెట్టుడు కన్నుది ఒకటే సైజు. అందుకని మధ్యరకంగా వేయమనండి. పక్కకి బాగా చూసినప్పుడు కూడా పెట్టుడు కన్ను అసలు కన్నంత దూరం పోదు, వాడు తల తిప్పి చూడడం వాడే నేర్చుకుంటాడు.

ఖర్చు వేలల్లో ఉంటుంది, చోటుని బట్టి చాలా మారుతుంది. అసలు లెక్క వేయాల్సింది కన్ను ధర కాదు. పిల్లలకి ఏడాదికో రెండేళ్ళకో కొత్తది, పెద్దయ్యాక ఐదేళ్ళకోసారి. మధ్యలో ఆరు నెలలకోసారి పాలిష్. ఖమ్మం నుంచి పొద్దున్నే శాతవాహన ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్, అక్కడ్నుంచి ఆటో, రాత్రి లాడ్జి, ఇద్దరికి రెండు రోజుల కూలీ పోయినట్టే. ఇన్నేళ్ళలో మాకు కన్నుల కంటే ప్రయాణాలకే ఎక్కువైంది. అందుకే మొదటిసారి వెళ్ళినప్పుడే అడగండి, ఆ ధరలో పాలిష్, చిన్న చిన్న సర్దుబాట్లు కలిపేనా, సైజు పెంచాలంటే పాతదానికే అక్రిలిక్ కలిపి పెంచుతారా లేక ప్రతిసారీ కొత్తది అంటారా. కలిపి పెంచే చోటు దొరికితే అదే పట్టుకోండి.

ఇంకో చిట్కా. గడ్డ వల్ల కన్ను తీసిన పిల్లలకి రెండో కంటిని మత్తిచ్చి పరీక్ష చేస్తుంటారు కొన్ని నెలలకోసారి. అచ్చు తీయడం కూడా అదే మత్తులో పెట్టుకోవచ్చేమో ముందురోజే అడగండి, బాగా అల్లరి చేసే పసిపిల్లలకి ఎంతో తేలిక.

పుట్టుకతో లేనివాళ్ళకి

ఇక్కడ రంగుల మాట రెండు మూడేళ్ళ దాకా మర్చిపోండి. ఎంచుకోవాల్సింది రెండు దారుల మధ్య. ఒకటి కన్ఫార్మర్లు, చిన్నది పెట్టి, కొన్ని వారాలకోసారి కొంచెం పెద్దది, మళ్ళీ కొంచెం పెద్దది, అలా రెప్పల్ని, లోపలి చోటుని సాగదీస్తూ పోవడం. కోత లేదు, ఖర్చు తక్కువ, కానీ తిరుగుడు విపరీతం. రెండోది హైడ్రోజెల్ ఎక్స్‌పాండర్. సబ్జా గింజలు నీళ్ళలో ఉబ్బుతాయి చూశారా, అలాంటి సంగతే, ఎండుగా చిన్నగా ఉన్నప్పుడు లోపల పెడితే ఒంట్లో నీటిని పీల్చుకుని దానంతటది కొన్ని వారాల్లో చాలా రెట్లు ఉబ్బుతుంది. తిరుగుడు తగ్గుతుంది, కానీ దానికి ఆపరేషన్, మత్తు, ఖరీదు, అది జారి బయటికొచ్చే ప్రమాదం కూడా ఉంది.

భీమవరం పాపకి కన్ఫార్మర్లతోనే మొదలుపెట్టారు. వాళ్ళమ్మ మొదటి ఏడాది పదకొండుసార్లు హైదరాబాద్ వచ్చింది, పాల సీసా ఓ చేతిలో ఫైల్ ఓ చేతిలో. ఇప్పుడా పాపకి పెట్టుడు కన్ను నిలబడుతోంది, రెండో పక్కంత పెద్దగా లేదు, లేదనే చెప్పాలి, కానీ ఎనిమిదో నెలలో చూసిన మొహమేనా అనిపిస్తుంది. దగ్గర్లో ఉండేవాళ్ళు, నెలకోసారి రాగలిగేవాళ్ళు కన్ఫార్మర్లతో మొదలుపెట్టడం మేలు అనుకుంటా. చోటు మరీ చిన్నదై కన్ఫార్మర్ నిలబడకపోతే, లేదా ఇన్నిసార్లు రాలేని దూరం అయితే ఎక్స్‌పాండర్ గురించి గట్టిగా మాట్లాడండి. చిన్న గుడ్డు లోపల ఉన్న పిల్లలకి దానికి ఏమాత్రమైనా చూపు ఉందేమో ముందు తేల్చుకోండి, వెలుతురు తెలిసినా సరే, దాన్ని రంగు పలకతో మూసేసే ముందు ఆలోచించాలి. అప్పటికి పారదర్శకమైన కన్ఫార్మరే వాడతారు.

గుడ్డు ఉంది, చూపు లేదు

బాణం తగిలిన బాబు లాంటివాళ్ళకి కన్ను తీయకుండానే దాని మీద పల్చటి షెల్ పెట్టొచ్చు, లెన్స్ కంటే లావు, మామూలు పెట్టుడు కన్ను కంటే పల్చన. కింద సొంత గుడ్డు కదులుతుంది కాబట్టి కదలిక అన్నిటికంటే బాగుంటుంది. కానీ ఆ గుడ్డు ముందు వైపు ఉండే కార్నియా పొరకి స్పర్శ ఇంకా ఉంటే పిల్లలు ఓర్చుకోలేరు, రోజుకి గంట, రెండు గంటలు అంటూ నెమ్మదిగా పెంచాలి. నొప్పి లేకపోతే తీయించడానికి తొందరపడొద్దు. గడ్డ అనుమానం ఉన్న కంటికి మాత్రం ఈ లెక్క చెల్లదు, అక్కడ డాక్టర్ తీయాలంటే తీయాల్సిందే.

గాజు కన్ను, త్రీడీ ప్రింట్ కన్ను

మనం గాజు కన్ను అనడం అలవాటే కానీ ఇక్కడ పెట్టేది గాజు కాదు, అక్రిలిక్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి గాజు కళ్ళు రావడం ఆగిపోతే పళ్ళ సెట్లకి వాడే అక్రిలిక్‌తో చేయడం మొదలైంది, అదే నిలిచిపోయింది. జర్మనీలో మాత్రం ఇప్పటికీ గాజువే ఎక్కువ, అక్కడుండే మనోళ్ళెవరికైనా అవసరమైతే గాజుదే ఇస్తామంటారు, కంగారుపడక్కర్లేదు, తడి బాగా నిలుస్తుంది, చాలా సహజంగా ఉంటుంది, కాకపోతే కిందపడితే పగులుతుంది, అరగదీసి సరిచేయడం కుదరదు. సెలవుల్లో ఇండియా వచ్చి దాన్ని ఇక్కడ పాలిష్ చేయిద్దామనుకుంటే చేసేవాళ్ళు దొరకరు. యూకేలో అయితే ప్రభుత్వ వైద్యంలోనే ఇస్తారు, డబ్బులు కట్టనక్కర్లేదు.

త్రీడీ ప్రింట్ కన్ను 2021లో లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రిలో నలభైల్లో ఉన్న ఒకాయనకి పెట్టారని వార్తల్లో చూసే ఉంటారు. స్కాన్ తీసి ప్రింట్ చేస్తారు, అచ్చు బాధ లేదు. పిల్లలకి ఇది మామూలయ్యేదాకా ఆగుదాం అని మాత్రం అనుకోకండి, పైన చెప్పాను కదా, ఎముక ఆగదు.

ఎక్కడికి వెళ్ళాలి

మన దగ్గర హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, 1987 నుంచి, పెట్టుడు కళ్ళకి వేరే విభాగమే ఉంది, వాళ్ళ పెద్ద సెంటర్లు విశాఖపట్నం, విజయవాడలో కూడా ఉన్నాయి, ఏ సెంటర్‌లో ఏ పని చేస్తారో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్ళకి చెన్నైలో శంకర నేత్రాలయ దగ్గర. ప్రైవేటుగా చేసే ఆక్యులరిస్టులు కూడా ఉన్నారు, కొందరి పని అద్భుతం, కానీ వెళ్ళే ముందు వాళ్ళు చేసిన చిన్నపిల్లల ఫోటోలు చూపించమనండి, పెద్దవాళ్ళవి కాదు. అది కూడా పెట్టిన రోజు ఫోటో కాదు, ఆరు నెలల తర్వాతది.

ఇంటికొచ్చాక

రోజూ తీసి కడగాలని మా అత్తయ్య పట్టు. అక్కర్లేదు, ఎంత తక్కువ తీస్తే లోపలి పొరకి అంత మంచిది, నెలకోసారో ఇంకా తక్కువో, మీ ఆక్యులరిస్ట్ చెప్పినట్టు. చిన్న రబ్బరు సక్షన్ కప్పు ఇస్తారు, తీయడం దాంతో తేలిక. బేబీ షాంపూ, గోరువెచ్చటి నీళ్ళు చాలు. స్పిరిట్, శానిటైజర్, మరిగే నీళ్ళు తగిలితే అక్రిలిక్ సన్నగా బీటలిస్తుంది. కాటుక వద్దు, మావాడికి దిష్టి చుక్క బుగ్గన పెట్టమని ఒప్పించాను. తువ్వాలుతో మొహం తుడిచేటప్పుడు ముక్కు వైపుకి తుడవండి, బయటికి తుడిస్తే కన్ను తిరిగిపోతుంది, నల్లగుడ్డు పక్కకి పోయి చూసినవాళ్ళు హడలిపోతారు.

అన్నిటికన్నా ముఖ్యమైన కొనుగోలు పెట్టుడు కన్ను కాదు, పవర్ లేకపోయినా పాలీకార్బొనేట్ అద్దాల కళ్ళజోడు, అంటే తొందరగా పగలని ప్లాస్టిక్‌వి. ఉన్న ఒక్క కన్నుకి అదే కాపలా. డబ్బులు రెండిట్లో ఒకదానికే ఉంటే కళ్ళజోడు కొని, కన్నుకి సగం రెడీమేడ్ పెట్టించండి.

స్కూల్లో టీచర్‌కి ముందే చెప్పేయండి. ఎడమ కన్ను లేనివాణ్ణి క్లాసులో ఎడమ గోడ పక్కన కూర్చోబెడితే క్లాసంతా వాడి కుడి కన్నుకి కనపడుతుంది. మేం చెప్పలేదు, ఏమనుకుంటారో అని. యూకేజీలో ఒకరోజు ఫోన్ వచ్చింది, టీచరమ్మ గొంతు వణుకుతోంది, "మీవాడి కన్ను పెన్సిల్ బాక్సులో ఉందండీ." మావాడు పక్కనోడికి పది రూపాయల లేస్ ప్యాకెట్ ఇస్తే చూపిస్తానని బేరం పెట్టాడంట.

సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది, దాని గురించి కూడా చాలామంది అడుగుతారు. రెండో కన్ను బాగుంటే ఒక కన్ను పోయినందుకు మామూలుగా 30 శాతమే వస్తుంది, చాలావాటికి కావాల్సిన 40 రాదు, కాబట్టి దాని మీద లెక్కలేసుకుని కన్ను పెట్టించడం ఆపకండి.

ఇక కన్ను మార్చే టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, పై రెప్ప లోపలికి పోయినట్టు కనపడుతుంది, నిద్రలో కన్ను ఊడి దిండు మీద ఉంటుంది, లేదా ఉన్నట్టుండి పుసి ఎక్కువవుతుంది. మావాడిది మొన్న మూడుసార్లు ఊడింది, వచ్చే నెల అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. వెళ్ళేటప్పుడు పాత కళ్ళన్నీ పట్టుకెళ్తాను, పాత కన్ను ఎప్పుడూ పారేయకండి, కొత్తది పోతే అదే ఆదుకుంటుంది, పైగా ఎంత పెరిగిందో చేసేవాళ్ళకి చూడగానే అర్థమవుతుంది. ఖాళీ పౌడర్ డబ్బాలో దూది వేసి పెట్టాను, ఒక్కోదానికి తేదీ రాసిన చీటీ కట్టి. ఈసారి వెనక వైపు వాడి పేరులో మొదటి అక్షరం రాయించాలంట, ముందు వైపు సాలెగూడు కావాలన్నాడు, అది కుదరదని వాళ్ళ నాన్న ఇంకా నచ్చచెబుతూనే ఉన్నారు.